బొమ్మల నవలలో నవ్వు చేజారకుండా చదవడం ఎలా

గ్రాఫిక్ నవల మూసేసి "బాగానే ఉంది గానీ, అందరూ చెప్పినంత నవ్వేమీ రాలేదు" అనేవాళ్లు చాలాసార్లు మామూలు నవలలు జోరుగా చదివేవాళ్లే అయి ఉంటారు. వాళ్ల కన్ను అక్షరాలకు అలవాటుపడింది. ఒక బుడగలో మాట అయిపోగానే తర్వాతి బుడగ ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. మధ్యలో ఉన్న బొమ్మ రైలు కిటికీలోంచి కనబడే కరెంటు స్తంభంలా వెనక్కి వెళ్లిపోతుంది. నవ్వు ఆ స్తంభం దగ్గరే నిలబడి ఉంటుంది.

మనకు ఈ అలవాటు ఊరికే రాలేదు. 1947లో మొదలైన చందమామలో బొమ్మలు ఎంత అందంగా ఉన్నా కథ మొత్తం పక్కనున్న అక్షరాల్లోనే నడిచేది. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి చదివినా కథ ఆగదు. వారపత్రికల కార్టూన్ ఇంకో అలవాటు చేసింది: ఒకే బొమ్మ, కింద ఒకే మాట, టక్కున నవ్వు. గ్రాఫిక్ నవల ఈ రెండు పద్ధతులకీ లొంగదు. అందులో నవ్వు ఎక్కువగా రెండు గళ్ల మధ్య ఉండే తెల్లటి సందులో పుడుతుంది. ఒక గడిలో పెద్దాయన నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి "నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు" అంటుంటాడు. పక్క గడిలో ఆయన కాలికి కట్టు, భార్య చేతిలో కాఫీ గ్లాసు. పడటం ఎవరూ గీయలేదు. ఆయన్ని పడేసింది మీరే, మీ బుర్రలో. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే వేసిన పుస్తకంలో ఈ సందు కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు.

సినిమాలో ఆ సందు ఎంతసేపుండాలో ఎడిటర్ తేలుస్తాడు. ఇక్కడ తేల్చేది చదివే మనిషి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పని కోసమే.

ముందు పుస్తకం సంగతి

బొమ్మ ఎంత పెద్దదిగా అచ్చయిందో నవ్వు అంత స్పష్టంగా కనబడుతుంది. లోకమంతా తిరిగే కుర్ర విలేకరి టిన్‌టిన్ బెల్జియం బొమ్మల కథల పుస్తకం, అంటే ఆల్బమ్, మామూలు సైజు సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు; కథ 62 పేజీలు. అవే కథలు మూడేసి కలిపి చిన్న సైజులో గట్టి అట్ట పుస్తకాలుగా కూడా దొరుకుతాయి. చవగ్గా వస్తాయి, కథ అర్థమవుతుంది, కానీ వెనకాల నిలబడ్డ మనిషి కనుబొమ్మ కనిపించదు. మొదటిసారి చదివేవాళ్లు ఒక్క కథే కొన్నా పెద్ద సైజుదే కొనడం మేలు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, సంగతి వేరు. దాని పుస్తకం అరచేతి సైజుకు కాస్త పెద్దది, అంతే. పేజీకి నాలుగైదు గళ్లే ఉంటాయి కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఫోన్లో చదివే యాప్‌లలో ఒక్కో గడినే తెర నిండా చూపించే పద్ధతి ఉంటుంది. అందులో ఒక లాభం, ఒక నష్టం. తర్వాతి గడి కనబడదు కాబట్టి ముందే తెలిసిపోయే బెడద లేదు. కానీ పేజీలో గోరంత ఉన్న గడి, అరపేజీ ఉన్న గడి రెండూ ఫోన్లో ఒకే సైజుకు వచ్చేస్తాయి. బొమ్మ గీసినవాడు కావాలనే మూడు చిన్న గళ్లు గబగబా పెట్టి నాలుగోది పెద్దది పెడతాడు. మొదటి మూడు పరుగు, నాలుగోది గోడకు గుద్దుకోవడం. ఫోన్లో ఆ గోడే ఉండదు. ట్యాబ్ ఉంటే పూర్తి పేజీ పెట్టుకుని చదవండి. ఫోన్ తప్ప గతి లేకపోతే, ముందు గడి గడిగా చదివి, పేజీ చివర ఒకసారి మొత్తం పేజీ చూడండి.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతవి కొనేవాళ్లకు ఒక మాట. పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి లెక్కపెట్టండి, ముఖ్యంగా చివరి రెండు పేజీలు. నవలలో ఒక పేజీ పోతే కథ ఊహించుకోవచ్చు. నవ్వులో ముడి విప్పే గడి పోతే ముందున్న ముప్పై గళ్లూ దండగ.

ఇక చేతిలో ఒక అట్టముక్క ఉంచుకోండి. పాత పెళ్లి శుభలేఖ సరిగ్గా సరిపోతుంది: పేజీలో సగం కప్పేంత వెడల్పు, వంగని మందం. దాని పని ఇప్పుడే చెబుతాను.

పేజీ తిప్పగానే కన్ను ఎక్కడ పెట్టాలి

పేజీ తిప్పిన క్షణంలో కన్ను మొత్తం పేజీ మీద ఒకసారి తిరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద బొమ్మ, అన్నిటికన్నా పెద్ద అక్షరం ముందు కనబడతాయి. నవ్వు పేజీ కింద ఉంటే ఆ చూపులోనే సగం ఖర్చైపోతుంది. బాగా గీసేవాళ్లకు ఇది తెలుసు. అందుకే పెద్ద ఆశ్చర్యాన్ని కుడి పేజీ చివర దాచరు. కుడి పేజీ చివరి గడిలో ప్రశ్న పెట్టి, జవాబు పేజీ తిప్పాక ఎడమ పైమూలలో పెడతారు. ఎర్జే గీసిన టిన్‌టిన్ కథలు మొదట ఎక్కువగా వారం వారం పత్రికలో కొద్దికొద్దిగా వచ్చినవి. పేజీ చివరి గడిలో తలుపు చప్పుడో, ఎవరో ఉలిక్కిపడటమో తరచుగా ఉండేది అందుకే. ఆ గడి దగ్గరికి వచ్చాక పేజీ చటుక్కున తిప్పకండి. కాగితం మూల వేళ్ల మధ్య పట్టుకుని, ఏం జరగబోతోందో ఒక ఊహ చేసుకుని అప్పుడు తిప్పండి. ఊహ తప్పితేనే నవ్వు. అసలు ఊహే చేయకపోతే తప్పడానికేమీ ఉండదు.

ఎడమ, కుడి పేజీలు రెండూ ఒకేసారి కళ్ల ముందు తెరుచుకుంటాయి కాబట్టి మధ్యలో వచ్చే నవ్వులకు శుభలేఖ అట్ట అడ్డం పెట్టాలి. చదువుతున్న వరుస కింద పెట్టుకుని, వరుస అయ్యాక కిందకు జరుపుకోవాలి. మొదటి పది పేజీలకే చాలు. ఆ తర్వాత కన్నే ఆగడం నేర్చుకుంటుంది.

ఒక్కో గడిలో క్రమం ఇది: బొమ్మ, మాట, మళ్లీ బొమ్మ. మొదటి చూపులో ఎవరు ఎక్కడున్నారు, చేతుల్లో ఏముంది. తర్వాత బుడగ. బుడగ అయ్యాక తిరిగి బొమ్మకు రండి, ఈసారి మాట్లాడినవాడి ముఖం వదిలేసి విన్నవాడి ముఖం చూడండి. హాస్యం గీయడంలో సగం పని వినేవాడి ముఖం మీదే జరుగుతుంది. మాట్లాడేవాడు తను తెలివైన మాటే అన్నాననుకుంటాడు. ఆ మాట ఎంత పిచ్చిదో తెలిసేది పక్కనున్నవాడి కనురెప్పల్లో. ఈ మూడో చూపు అరక్షణం పని, కానీ చాలామంది వదిలేసేది ఇదే.

బుడగలు చదివే వరుస తప్పితే ప్రశ్న కన్నా ముందు జవాబు వచ్చేస్తుంది. గడిలో పైన ఉన్న బుడగ ముందు. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఎడమది ముందు. రెండు బుడగలు సన్నటి మెడతో అతుక్కుని ఉంటే అవి ఒకే మనిషివి, మధ్యలో ఒక ఊపిరి విరామం ఉందని అర్థం. ఆ విరామాన్ని పాటించండి. చాలాసార్లు రెండో బుడగే కొసమెరుపు. గళ్ల విషయంలో ఒక చిక్కు ఉంది. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గళ్లు, వాటి పక్కన ఆ రెండింటి ఎత్తున్న పొడవాటి గడి ఉంటే, ఎడమ రెండూ పైనుంచి కిందకు చదివాకే పొడవాటి దానికి వెళ్లాలి. అలవాటుగా పై గడి నుంచి కుడికి దూకితే పొడవాటి గడిలోని ఫలితం ముందు చూసి, కింది గడిలోని కారణం తర్వాత చూస్తారు.

మాంగాలో ఇదంతా తిరగబడుతుంది. పుస్తకం మన చివరి అట్ట వైపు నుంచి మొదలవుతుంది, గళ్లూ బుడగలూ కుడి నుంచి ఎడమకు. గళ్లను కుడి నుంచి చదువుతూ, బుడగలను మాత్రం అలవాటు కొద్దీ ఎడమ నుంచి చదివేసేవాళ్లు ఎక్కువ. సంభాషణ వింతగా, పొడుపుకథలా అనిపిస్తే ముందు ఇదే సరిచూసుకోండి.

మాటల్లేని గడి

వరుసగా రెండు గళ్లు మాటలతో, మూడోది ఖాళీగా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ. నాలుగో గడిలో ఒక చిన్న మాట. మూడో గడిలో చదవడానికి ఏమీ లేదు కాబట్టి తొందరపడే కన్ను దాన్ని దాటేస్తుంది. దాటేస్తే నాలుగో గడిలోని మాట మామూలు జవాబులా వినబడుతుంది. నాటకంలో నటుడు మాట అనేముందు ఆగే ఆ రెండు క్షణాలనే మూడో గడిగా గీశారు. లెక్క కావాలంటే, మాటల్లేని గడి దగ్గర ఒక నిండు ఊపిరి తీసి వదలండి. వెడల్పాటి గడి అయితే రెండు.

ఒకే బొమ్మ మూడు నాలుగు గళ్లలో మారకుండా వచ్చినప్పుడు గీసినవాడికి బద్ధకమని అనుకోకండి. తేడా వెతకండి. మొదటి దాంట్లో కనుపాప మధ్యలో ఉంటుంది, రెండో దాంట్లో కొద్దిగా పక్కకు జరుగుతుంది, మూడో దాంట్లో నోటి గీత ఒక మిల్లీమీటరు కిందకు వంగుతుంది. మనసులో జరుగుతున్న రభస అంతా ఆ మిల్లీమీటర్లోనే. మిగతాదంతా కదలకుండా ఉంచింది అది కనబడాలనే.

జపాన్ వాళ్లు ఈ నిశ్శబ్దానికి ఒక చప్పుడు కూడా పెట్టుకున్నారు. మాంగాలో ఎవరో పిచ్చిమాట అనగానే గది అంతా మౌనమైపోతే గోడ మీద పెద్ద అక్షరాల్లో "షీన్" అని రాస్తారు. ఏమీ వినబడకపోవడం అనే దానికి అది వాళ్ల ధ్వని. అనువాదంలో దాన్ని ఒక్కోసారి అలాగే వదిలేస్తారు, ఏదో యంత్రం మోత అనుకుని దాటిపోతాం.

ధ్వనుల మాట వచ్చింది కాబట్టి: ఇంగ్లీషు పుస్తకంలోని చప్పుళ్లను మనసులో తెలుగులోకి మార్చుకుని చదివి చూడండి. మనకు ధ్వన్యనుకరణకు కొదవలేదు. బురదలో పడితే చపుక్కున, మెత్తటి పరుపు మీద పడితే ధబుక్కున, ఇత్తడి పళ్లెం పడితే ఖణేల్‌న, నీళ్లలో గులకరాయి పడితే బుడుంగున. ఇంగ్లీషు అక్షరాలు కంటికి బొమ్మల్లా కనబడతాయి. తెలుగు చప్పుడు చెవిలో మోగుతుంది, పడిన చోటు మెత్తనో గట్టిదో కూడా చెబుతుంది.

చిన్న చిన్న గుర్తులు

తల చుట్టూ ఎగిరే చెమట చుక్కలు, తిట్ల బదులు వేసే సుడులూ నక్షత్రాలూ, పారిపోయేవాడి వెనక లేచే దుమ్ము మేఘం. ఇవన్నీ అక్షరాల్లాంటివే, వీటికీ అర్థాలున్నాయి. అమెరికన్ కార్టూనిస్టు మోర్ట్ వాకర్ 1980లో సగం వేళాకోళంగా వీటన్నిటికీ పేర్లు పెట్టి ఒక నిఘంటువు వేశాడు: చెమట చుక్కలు ప్లూడ్స్, తిట్ల గుర్తులు గ్రాలిక్స్, దుమ్ము మేఘాలు బ్రిఫిట్స్. పేర్లు గుర్తుండనక్కర్లేదు. చుక్కలు ఎన్ని ఉన్నాయో చూడటం గుర్తుంటే చాలు. ఒకటుంటే ఇబ్బంది, ఆరుంటే ప్రాణం మీదకొచ్చింది.

బుడగ ఆకారం గొంతు. అంచు రంపంలా ఉంటే అరుపు. గీత తెగి తెగి చుక్కలుగా ఉంటే గుసగుస. కింద మంచు కారుతున్నట్టు గీస్తే గొంతులో వెటకారంతో కూడిన చల్లదనం. పెద్ద బుడగ మధ్యలో చీమంత అక్షరాలుంటే మనిషి నీరుగారిపోయి మాట్లాడుతున్నాడు. దీన్ని మామూలు గొంతుతో చదివేస్తే అందులో హాస్యమే లేదు. ప్రాచీన గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) వీరుడు ఆస్టెరిక్స్ ఫ్రెంచి బొమ్మల కథల్లో గోత్ అనే జర్మన్ తెగవాళ్లు మాట్లాడినప్పుడు అక్షరాలే పాత జర్మన్ గోథిక్ అచ్చులో ఉంటాయి. తక్కినవాళ్లకు వాళ్ల భాష రాదని అక్షరాల ఆకారమే చెబుతుంది.

మాంగా గుర్తుల్లో తెలుగు పాఠకులు పొరబడేవి మూడు. నిద్రపోతున్నవాడి ముక్కు దగ్గర బుడగ ఉబ్బితే అది జలుబు కాదు, గాఢనిద్ర; బుడగ పగిలితే మెలకువ వచ్చినట్టు. నుదుటి మీద కూడలి ఆకారంలో ఎర్రగా లేదా నల్లగా గీతలుంటే దెబ్బ కాదు, కోపంతో నరం ఉబ్బింది. అందమైన అమ్మాయిని చూడగానే కుర్రాడి ముక్కులోంచి రక్తం చిమ్మితే ఎవరూ కొట్టలేదు, బుద్ధి కాస్త పెడదారి పట్టింది, అంతే. ఇది తెలియక "పాపం, ఏమైంది" అనుకునేవాళ్లకు ఆ పేజీ కరుణరసం అవుతుంది.

ఒక విరిగిన మెట్టు, 62 పేజీలు

పదే పదే వచ్చే నవ్వును ఆస్వాదించడం నేర్చుకోవడానికి 1963లో ఆల్బమ్‌గా వచ్చిన "కాస్టఫియోరె ఎమరాల్డ్" కన్నా మంచి పాఠం లేదు. టిన్‌టిన్ ఎక్కడికీ వెళ్లడు, దొంగల గుహలు లేవు, చంద్రుడు లేడు. కథంతా అతని నేస్తం, నావికుడు కెప్టెన్ హడాక్ బంగళాలోనే. అక్కడ మెట్ల మీద ఒక పాలరాతి మెట్టు విరిగింది. ఫోన్ చేస్తే మేస్త్రీ వస్తానంటాడు. రాడు. ఇల్లు కట్టించిన తెలుగువాడెవడికీ ఇక్కడ ఫుట్‌నోట్ అక్కర్లేదు.

ఈ మెట్టును ఎలా చదవాలంటే, అది మొదటిసారి కనబడ్డ పేజీలో ఒక కాగితం ముక్క పెట్టండి. తర్వాత ఎవరైనా మెట్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మూడు చూడండి: ఇప్పుడు ఎవరి వంతు, అతనికి మెట్టు సంగతి ముందే తెలుసా, పడటం చూపించారా లేక చప్పుడు మాత్రమే వినిపించారా. పడటం అనేది ఒకటే. ఈ మూడూ మారుతూ ఉండటమే హాస్యం. మొదట పడేవాడికి తెలియదు. తర్వాత పడేవాడు ఇతరులకు జాగ్రత్తలు చెప్పినవాడు. గాయని బియాంకా కాస్టఫియోరె దిగబడుతోందని తెలిసి హడాక్ ఇంట్లోంచి పారిపోవాలనుకుంటాడు. పారిపోయేవాణ్ని ఆపింది ఆ మెట్టే. కాలు బెణికి చక్రాల కుర్చీలో పడ్డాక, ఎవరి నుంచి తప్పించుకోవాలనుకున్నాడో ఆవిడ చేతికే చిక్కుతాడు. అక్కడికి మెట్టు హాస్యం ఆటవిడుపుగా వచ్చే పిట్టకథ కాదు, కథను నడిపే ఇరుసు. కాగితం పెట్టిన పేజీకి వెనక్కి వెళ్లి ఒకసారి చూసి రండి. ఎంత మామూలుగా మొదలుపెట్టాడో తెలుస్తుంది. చివరి పేజీలో మెట్టు ఏమవుతుందో చెప్పడం పాపం.

అదే పుస్తకంలో ఆవిడ హడాక్ పేరును తప్పుగానే పలుకుతూ ఉంటుంది. పేరేగా అని కన్ను దాటేస్తుంది. దాటేయకుండా ప్రతిసారీ పైకి పలకండి. ఒకచోట అది బార్టోక్ అవుతుంది. ఒపెరా పాడే మనిషి నావికుణ్ని హంగేరియన్ సంగీతకర్త పేరుతో పిలవడం అది. కసాయి కొట్టుకు చేయాల్సిన ఫోన్లు ఆ ఇంటికి రావడం ఇంకో పాత హాస్యం. ఫ్రెంచిలో ఆ కొట్టు పేరు సాంజో. "ఎముకల్లేని" అనే మాటలా వినబడుతుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని కట్స్ అని మార్చారు, కోత అని ధ్వనించేలా.

ఇలాంటి పుస్తకాన్ని వారం రోజులు కొంచెం కొంచెంగా చదవకండి. పదే పదే వచ్చే నవ్వుకు జ్ఞాపకం వేడిగా ఉండాలి. ఒక మధ్యాహ్నం, ఒకే కూర్చోవడం. ఏదో ఒకసారి విసుగు పుడుతుంది, సాధారణంగా నాలుగోసారి. విసుగు పుట్టాలనే వాళ్ల ఉద్దేశం. "మళ్లీ ఇదేనా" అనుకున్న తర్వాత వచ్చేదే బాగా పేలుతుంది.

వెనకాల నడిచే కుక్క

గోసినీ రాసి ఉదెర్జో గీసిన ఆస్టెరిక్స్ కథల్లో గాల్ దేశమంతా చుట్టి వచ్చే ఆల్బమ్ ఒకటుంది, 1965 నాటిది. ఆస్టెరిక్స్, అతని నేస్తం ఒబెలిక్స్ లుటీషియాలో (నేటి పారిస్) ఒక మాంసం కొట్టు దగ్గర ఆగినప్పుడు గుమ్మం ముందు చిన్న తెల్ల కుక్క కూర్చుని ఉంటుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. అక్కడ్నుంచి ఊరూరా, గడి గడికీ, వీళ్ల వెనకాలే నడుస్తూ ఉంటుంది. ఒబెలిక్స్ దాన్ని గమనించేది కథ చివర్లో. ఆ కుక్కే తర్వాత ఇదెఫిక్స్ అనే పేరుతో, ఇంగ్లీషులో డాగ్‌మాటిక్స్ అనే పేరుతో శాశ్వతంగా ఉండిపోయింది. మొదటి చదువులో కుక్కను చూడనివాళ్లు పుస్తకాన్ని మొదటి నుంచి మళ్లీ తెరిచి, కథ వదిలేసి, కుక్క కోసమే ఒక్కో గడీ తడిమి చూడాలి. ఇది ఇరవై నిమిషాల పని; చాలా ఆల్బమ్‌లకు ఈ రెండో చదువే అసలు చదువు. దుకాణాల బోర్డులు, గోడ మీద పటాలు, గుంపులో చివరివాడు ఏం చేస్తున్నాడు. ఇవి మొదటి చదువులో వెతకకండి, కథ తెగిపోతుంది.

వెనకాల ఉన్నది ఒక్కోసారి వేరే చోటి నుంచి తెచ్చింది అవుతుంది. ఆస్టెరిక్స్ సైన్యంలో చేరే కథలో ఓడ మునిగిన సముద్రపు దొంగలు తెప్ప మీద ఒకరి మీద ఒకరు పడి చేతులు చాచి ఉంటారు. అది ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో పూర్తిచేసిన "మెదూజా తెప్ప" పటాన్ని అచ్చంగా దించడం. అసలుది పారిస్ లూవ్ర్‌లో ఉంది. ఫ్రెంచిలో దొంగల నాయకుడు నేను నిశ్చేష్టుణ్నయ్యాను అంటాడు. ఆ మాట ఫ్రెంచిలో మెదూజె, అంటే పటం పేరే. ఇంగ్లీషులో ఆ శ్లేష పనిచేయదు. అనువాదకులు ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్ ఏం చేశారంటే, మోసపోవడం, పటం కట్టడం రెండూ వచ్చే ఒక మాట వాడి, ఒట్టు పెట్టుకునే మాటలో చిత్రకారుడి పేరు వినబడేట్టు చేశారు. శ్లేషను అనువదించలేదు, అదే చోట ఇంకో శ్లేష నాటారు.

ఇందులో పనికొచ్చే సూత్రం ఒకటే. పాత్రలు అకారణంగా బిగుసుకుపోయి, మరీ అందంగా అమరి నిలబడితే అది ఏదో పటమో శిల్పమో అయి ఉంటుంది. చదవడం ఆపి వెతకకండి. పేజీ నంబర్ రాసుకుని, పుస్తకం అయ్యాక వెతకండి. అర్థం కాని నవ్వు తర్వాత అర్థమైతే వచ్చే సంతోషం వేరు, కానీ దానికోసం ఇప్పటి నవ్వును ఆపుకోకూడదు. పేర్ల విషయంలో మాత్రం వెంటనే, పెదాలు కదిపి పైకి చదవండి. ఆ కథల్లో గాల్ మగవాళ్ల పేర్లు "ఇక్స్"తో, రోమన్ల పేర్లు "అస్"తో ముగుస్తాయి. ఇంగ్లీషు అనువాదంలో కంటితో చూస్తే లాటిన్‌లా ఉంటుంది, పలికితే ఇంగ్లీషు మాట బయటపడుతుంది. క్రిస్మస్ బోనస్ అనే సేనాని అలాంటివాడే.

నవ్వాలా వద్దా అనిపించే చోటు

బరువైన పుస్తకాల్లో నవ్వొస్తే కొందరు తప్పు చేసినట్టు సర్దుకుంటారు. సర్దుకోనక్కర్లేదు. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందిన స్పీగెల్‌మన్ "మౌస్" హిట్లర్ కాలంలో యూదుల మారణకాండ కథ; అందులో యూదులకు ఎలుకల ముఖాలు, నాజీలకు పిల్లుల ముఖాలు. కథలోని యూదు దంపతులిద్దరూ నాజీలకు చిక్కకుండా ఒక నేలమాళిగలో దాక్కుని ఉంటారు. పందికొక్కులున్నాయని భార్య వణికిపోతుంటే, అవి వట్టి చిట్టెలుకలేనని భర్త ధైర్యం చెబుతాడు. చెబుతున్నదీ వింటున్నదీ ఎలుక ముఖాలే. గడిలో మాత్రం నిజమైన పందికొక్కును, ముసుగేమీ లేకుండా, ఉన్నదున్నట్టు గీశారు. మాట మాత్రమే చదివితే అది భార్య మీద ప్రేమ. బొమ్మ కూడా చూస్తే పుస్తకం తన రూపకాన్ని తనే వెక్కిరించుకుంటోంది. ఇక్కడ వేగం ఇంకా తగ్గించాలి. నవ్వు వచ్చిన గడి దగ్గరే మరో ఊపిరి ఆగితే, వెనకే భయం కూడా వస్తుంది. రెండూ కలిపి ఇవ్వడానికే ఆ గడి.

మర్జానె సత్రపి ఇరాన్‌లో తన చిన్నతనం గురించి గీసిన "పెర్సెపోలిస్"లో ఇంకో రకం. నలుపు తెలుపుల్లో, దాదాపు వెనకదృశ్యమే లేకుండా గీసిన చిన్నపిల్ల. పైన పెట్టెలో గంభీరమైన కథనం. ఆ పిల్ల ఊహలో దేవుడూ మార్క్సూ ఒకేలా ఉంటారు, మార్క్స్ జుట్టు కాస్త ఎక్కువ ఉంగరాలు తిరిగి ఉంటుంది, అంతే. ఇలాంటి పుస్తకంలో పైపెట్టెలోని వాక్యాన్ని ముందు చదివి, దానికి ఎలాంటి బొమ్మ రావాలో క్షణం ఊహించి, అప్పుడు కింద చూడండి. వాక్యం ఒక దారిన, బొమ్మ ఒక దారిన పోయే చోటల్లా నవ్వుంటుంది.

ఇంకొకరికి చూపించేటప్పుడు

బాగా నచ్చిన గడి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే అవతలివాళ్లు మొహమాటానికి ఒక బొమ్మ నవ్వు పంపి ఊరుకుంటారు. తప్పు వాళ్లది కాదు. పంపింది చివరి గడి. నవ్వు ఉన్నది దాని ముందు సందులో. కనీసం రెండు ముందు గళ్లు కలిపి తీయండి. పేజీ అవతల పక్కకు తిరిగాక వచ్చే నవ్వైతే రెండు ఫోటోలు విడివిడిగా, మధ్యలో కొంత ఆలస్యంతో పంపండి. పైన "చూడు, భలే నవ్వొస్తుంది" అని రాయకండి. అలా రాస్తే చదివేవాడు నవ్వును పరీక్ష పేపర్లా చూస్తాడు. పదే పదే వచ్చే నవ్వును అసలు పంపకండి, పుస్తకమే ఇవ్వండి.

పిల్లలకు చదివి వినిపించేటప్పుడు పుస్తకం ఇద్దరి మధ్య పెట్టుకుని, ఇద్దరు పిల్లలకు మించకుండా కూర్చోబెట్టుకోండి. మూడోవాడికి బొమ్మ కనబడదు, చప్పుళ్లకు మాత్రమే నవ్వుతాడు. మాటలు మీరు చదవండి, మాటల్లేని గళ్లు వాళ్లను చెప్పనివ్వండి. "ఇప్పుడు ఏమవుతుందో చెప్పు నాన్నా" అని అట్ట తీయకుండా ఒక్క క్షణం ఆగండి. పిల్లలు నవ్వకపోతే ఎందుకు నవ్వాలో వివరించకండి. రెండు గళ్లు వెనక్కి వెళ్లి, ఈసారి మెల్లగా, అదే గొంతుతో మళ్లీ చదవండి. అప్పటికీ నవ్వకపోతే ముందుకు వెళ్లిపోండి. పిల్లలు పెద్దల కన్నా ముందు వెనకాల కుక్కను చూస్తారు. కథ మధ్యలో వేలు పెట్టి "అదుగో" అంటే కథ ఆపి అటు చూడండి, చదవాల్సిన బుడగ ఎక్కడికీ పోదు. ఒక పుస్తకం అలా పూర్తయ్యాక, రెండో పుస్తకానికి అట్ట వాళ్ల చేతికివ్వండి.